చిన్న వయసులో పక్షవాతం: కారణం నా రక్తంలో దొరికింది

నాకు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే జబ్బు ఉంది. పేరు పలకడం కష్టం కాబట్టి డాక్టర్లు కూడా ఏపీఎస్ అనే అంటారు. రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలు దారి తప్పి, మన సొంత కణాల పొరలకు అతుక్కుని ఉండే ప్రోటీన్ల మీదకే వెళ్తాయి. దాంతో రక్తం గడ్డ కట్టకూడని చోట కడుతుంది. కాలి సిరలో కట్టొచ్చు, ఊపిరితిత్తుల్లో కట్టొచ్చు, కడుపులో బిడ్డకి పోషణ అందించే మాయలో కట్టొచ్చు. నాకు మెదడులో కట్టింది. అప్పటికి నా వయసు 31. బీపీ లేదు, షుగర్ లేదు, కొలెస్ట్రాల్ లేదు. మా ఇంట్లో ఎవరికీ పక్షవాతం వచ్చిన చరిత్ర లేదు.

పక్షవాతం వచ్చాక వైద్యం ఎలా చేయాలో చాలా ఆసుపత్రులకు తెలుసు. ఈ వయసులో అసలు ఎందుకొచ్చింది అని వెతికేవాళ్ళు మాత్రం తక్కువ. నా విషయంలో ఒక డాక్టరు వెతికారు కాబట్టి ఇవాళ ఇది రాయగలుగుతున్నాను. వెతక్కుండా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర రాసి ఇంటికి పంపేసి ఉంటే, ఈ జబ్బున్నవాళ్ళకి రెండోసారి వచ్చే ప్రమాదం నా మీద అలాగే ఉండిపోయేది. అందుకే నాకేం జరిగిందో, ఏ పరీక్ష ఎందుకు చేశారో నాకు అర్థమైనంత వరకు చెప్తాను.

మాది ఖమ్మం. నేను జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెప్తాను. అది ఆదివారం పొద్దున. చట్నీకి పల్లీలు వేయిస్తుంటే గరిటె చేతిలోంచి జారింది. తీద్దామంటే కుడిచెయ్యి లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి కూడా పెద్దగా లేదు. అత్తమ్మ వచ్చి ఏమైందమ్మా అన్నారు. "చెయ్యి రావట్లేదు అత్తమ్మా" అని చెప్పాననే అనుకున్నాను. ఆమెకు వినిపించింది మాత్రం అర్థం లేని ముద్దమాటలట. మూతి ఒక పక్కకి జారడం చూసి ఆమే మా ఆయన్ని గట్టిగా కేకేశారు. చదువుకోకపోయినా ఇది పక్షవాతమేనని ఆ ఇంట్లో మొదట అన్నది అత్తమ్మే.

దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళారు. బీపీ, షుగర్ నార్మల్. తలకు సీటీ స్కాన్ తీస్తే అదీ నార్మల్. అక్కడి డాక్టరు మా ఆయన్ని పక్కకి పిలిచి, "ఈ వయసులో పక్షవాతం రాదు, టెన్షన్ వల్ల ఇలా అవుతుంది, ఇంట్లో ఏమైనా గొడవలున్నాయా" అని అడిగారు. సెలైన్ పెట్టి పడుకోబెట్టారు. నాకు అన్నీ వినిపిస్తున్నాయి, అన్నీ అర్థమవుతున్నాయి. గొడవల్లేవు అని చెప్పాలనుంది, నోరు రావడం లేదు. ఆ నిస్సహాయత నేను ఇప్పటికీ మర్చిపోలేను.

తర్వాత తెలిసింది ఏమిటంటే, రక్తనాళం మూసుకుపోయిన మొదటి గంటల్లో సీటీలో చాలాసార్లు ఏమీ కనిపించదు. మెదడులో రక్తస్రావం లేదని నిర్ధారించుకోవడమే అక్కడ సీటీ ముఖ్యమైన పని. సీటీ బాగుంది, లక్షణాలున్నాయి అంటే, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి అర్హత ఉందేమో వెంటనే చూడాలి. ఆ ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆ సమయం నాకు సెలైన్ సీసా కింద గడిచిపోయింది. మధ్యాహ్నానికి మా అన్నయ్య వచ్చి, ఇంకోచోట ఎమ్మారై తీయిస్తే మెదడు ఎడమవైపు రక్తం అందక దెబ్బతిన్న భాగం తెల్లగా కనిపించింది. ఆ సాయంత్రమే అంబులెన్స్‌లో సూర్యాపేట మీదుగా హైదరాబాద్ తీసుకెళ్ళారు.

హైదరాబాద్‌లో మర్నాడు పొద్దున న్యూరాలజిస్ట్ రౌండ్స్‌కి వచ్చేసరికి గుండెకు ఎకో, మెడ రక్తనాళాలకు డాప్లర్, ఈసీజీ అయిపోయాయి. అన్నీ బాగానే ఉన్నాయి. బాగా లేనివి రెండే. రక్తం గడ్డ కట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్స్ 88 వేలు ఉన్నాయి, లక్షన్నరకు పైన ఉండాలి. ఏపీటీటీ అని రక్తం ఎంతసేపట్లో గడ్డ కడుతుందో చూసే పరీక్ష ఒకటి ఉంటుంది, నాకు అందులో ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ సమయం పట్టింది. శాంపిల్ సరిగా తీయలేదేమో అని మళ్ళీ తీశారు. మళ్ళీ అంతే.

మా ఆయన ఇంజనీరు. ఆయనకు వచ్చిన అనుమానం ఎవరికైనా వస్తుంది. ప్లేట్‌లెట్స్ తక్కువ, గడ్డ కట్టడానికి ఆలస్యం, అంటే రక్తం కారిపోవాలి గానీ గడ్డ ఎలా కట్టింది సార్ అని అడిగారు. డాక్టరు వెంటనే జవాబివ్వలేదు. ఫైల్ మూసి, "పిల్లలెంతమంది?" అన్నారు.

మా ఆయన తల దించుకుని, నిలవలేదు సార్, రెండుసార్లు పోయింది అన్నారు. ఎన్నో నెలలో అని అడిగారు. మొదటిది ఐదో నెలలో, గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. రెండోది రెండో నెలలోనే. అప్పుడు డాక్టరు దుప్పటి కాస్త జరిపి నా మోకాళ్ళ దగ్గర చర్మం చూశారు. వలలాగా ఊదారంగు గీతలు ఉంటాయి నాకు, చలికాలంలో ఎక్కువగా కనిపిస్తాయి. చిన్నప్పట్నుంచీ ఉన్నవే అనుకునేదాన్ని. ఆయన జూనియర్ డాక్టర్ల వైపు తిరిగి ఏపీఎస్ అన్నారు. ఆ మాట వినడం అదే మొదటిసారి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి, ఎందుకంటే ఈ జబ్బు ఆ ఆదివారం పుట్టింది కాదు.

మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు మామూలుగా చేసే రక్తపరీక్షల్లో వీడీఆర్ఎల్ అనే సిఫిలిస్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. సుఖవ్యాధి అన్నమాట. ఆ కాగితం చూసిన నర్సు చూపు మారిపోయింది. మా ఆయనకు కూడా పరీక్ష చేయించమన్నారు, ఆయనకు నెగెటివ్. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఆ మౌనం ఎంత బరువో నాకు తెలుసు. అసలైన నిర్ధారణ పరీక్ష టీపీహెచ్ఏ చేయిస్తే నాకు కూడా నెగెటివ్ వచ్చింది. "సరే, ఏం లేదులే, పొరపాటున చూపించి ఉంటుంది" అని ఆ కాగితం ఫైల్లో పెట్టేశారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మొదట చేసిన ఆ వీడీఆర్ఎల్ పరీక్షలో వాడే పదార్థం పేరు కార్డియోలిపిన్. ఏపీఎస్ ఉన్నవాళ్ళ రక్తంలో ఉండే యాంటీబాడీల్లో ఒక రకం ఆ కార్డియోలిపిన్ మీదే పనిచేస్తుంది. కాబట్టి సిఫిలిస్ లేకపోయినా పరీక్ష పాజిటివ్ చూపించొచ్చు. నా జబ్బు మొదటిసారి కాగితం మీద కనబడింది అక్కడే. నాకు అవమానం మిగిల్చిన ఆ పాజిటివ్ అసలు పనికిమాలినది కాదు, దాని అర్థం వేరు.

ఐదో నెలలో బిడ్డ పోయినప్పుడు, స్కూటీ మీద కాలేజీకి వెళ్ళినందుకు అన్నారు. బొప్పాయి తిన్నావా అని అడిగారు. నాగదోషం ఉందని శ్రీకాళహస్తి వెళ్ళి పూజ చేయించుకొచ్చాం. పూజల మీద నాకు నమ్మకముంది, దాన్ని తప్పుపట్టను. కానీ పది వారాలు దాటాక, బాగానే ఎదుగుతున్న బిడ్డ కారణం లేకుండా పోతే తల్లి రక్తంలో ఈ యాంటీబాడీల కోసం చూడాలన్నది డాక్టర్ల పుస్తకాల్లో ఎప్పట్నుంచో ఉంది. లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే డాక్టరు ఈ జబ్బుని వివరించింది 1983లో. అంటే నేను పుట్టకముందే. గడ్డలు, గర్భస్రావాలు, పక్షవాతం వేర్వేరు కాదు, ఒకే తీగకు వేళ్ళాడుతున్నవి అని ఆయన చెప్పారు.

రెండోది పోయాక కొన్నాళ్ళు ఆగమని గర్భనిరోధక మాత్రలు రాశారు. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలవి. ఈ జబ్బున్నవాళ్ళకి ఈస్ట్రోజన్ గడ్డల ప్రమాదం పెంచుతుంది. మధ్యలో ఒకసారి జ్వరం వచ్చి ప్లేట్‌లెట్స్ 90 వేలకు పడిపోతే డెంగీ అనుకున్నారు. డెంగీ పరీక్ష నెగెటివ్. జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్స్ మళ్ళీ ఎవరూ చూడలేదు. తలనొప్పి అయితే కాలేజీ రోజుల నుంచే మైగ్రేన్ అని మాత్రలు మింగుతున్నాను. గైనకాలజిస్ట్ దగ్గర ఒక ముక్క, జ్వరం చూసిన డాక్టరు దగ్గర ఒక ముక్క, తలనొప్పి డాక్టరు దగ్గర ఒక ముక్క ఉండిపోయాయి. ఎవరి ముక్క వాళ్ళకి చిన్నదే.

ఇక పరీక్షల సంగతి. రక్తంలో మూడు చూస్తారు: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీ కార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్. మొదటిదాని పేరులో లూపస్ ఉన్నంత మాత్రాన లూపస్ అనే ఇంకో జబ్బు ఉన్నట్టు కాదు. అది ఉన్నవాళ్ళ రక్తం పరీక్షనాళికలో ఆలస్యంగా గడ్డ కడుతుంది, ఒంట్లో మాత్రం తొందరగా కడుతుంది. మా ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు అదే. నాళికలో ఆ యాంటీబాడీలు పరీక్షకు వాడే రసాయనాన్ని అడ్డుకుంటాయి, ఒంట్లో రక్తనాళాల లోపలి పొరను, ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. ప్లేట్‌లెట్లు తగ్గడం కూడా ఈ జబ్బులో భాగమే. నా రక్తంలోని ప్లాస్మాని, అంటే కణాలు తీసేశాక మిగిలే ద్రవాన్ని, ఆరోగ్యవంతుల ప్లాస్మాతో సగం సగం కలిపి కూడా చూశారు. గడ్డ కట్టించే పదార్థం ఏదైనా తక్కువై ఆలస్యమైతే, కలిపాక సరైపోవాలి. నాకు సరికాలేదు. అంటే తక్కువైంది ఏమీ లేదు, అడ్డుపడేది ఏదో ఉంది.

లూపస్ యాంటీకోయాగ్యులెంట్‌ని పట్టుకునే పరీక్షల్లో ఒకదానికి రక్తపింజర విషం వాడతారు, బాగా పలచన చేసి. మన పొలాల్లో రైతుల ప్రాణాలు తీసే పామే. దాని ఇంగ్లీషు పేరు రస్సెల్స్ వైపర్. ఆ పేరులో ఉన్న పాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ తరఫున మన విశాఖపట్నంలోనే ఉండి ఈ తీరంలోని పాముల గురించి రాసి పెట్టాడు. ఆ పాము విషంతో నా జబ్బు బయటపడిందంటే, ఆసుపత్రి మంచం మీద ఉండి కూడా నాకు ఆశ్చర్యం వేసింది.

మూడూ పాజిటివ్ వచ్చాయి. కానీ ఒకసారి పాజిటివ్ వస్తే జబ్బు ఉందని ముద్ర వేయరు. ఇన్ఫెక్షన్లు వచ్చినప్పుడు కూడా కొన్నాళ్ళు ఈ యాంటీబాడీలు కనిపించి మాయమవుతాయి. కనీసం 12 వారాలు ఆగి మళ్ళీ చేయాలి. వైద్యం మాత్రం ఆగలేదు. దెబ్బతిన్న చోట రక్తస్రావం అయ్యే ప్రమాదం తగ్గాక రక్తం పలచబరిచే మందు మొదలుపెట్టారు. ఆ 12 వారాలు నాకు చాలా కష్టంగా గడిచాయి. జబ్బు పేరు తేలితే బతుకంతా మందులు, తేలకపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియని భయం. ఏది కోరుకోవాలో కూడా తెలియలేదు. రెండోసారి చేసినప్పుడు కూడా పాజిటివే. మందు వాడుతుంటే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్ష ఫలితం తికమక పెడుతుందట, కాబట్టి మిగతా రెండు యాంటీబాడీల లెక్క చూసి నిర్ధారించారు.

వార్డులో నా పక్క మంచం మీద ఏజెన్సీ ఊరి నుంచి వచ్చిన ఇంటర్ చదివే అబ్బాయి ఉండేవాడు. అతనికీ పక్షవాతమే, కానీ కారణం సికిల్ సెల్. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి రక్తనాళాలను దెబ్బతీసే జబ్బు, ఆదివాసీ కుటుంబాల్లో తరతరాలుగా వస్తోంది. అతనికి చేసిన వైద్యం వేరు. అతని రక్తం కొంత తీసేసి దాత రక్తం ఎక్కించారు. కొన్నాళ్ళకి ఓపీలో పరిచయమైన ఒకాయనకీ పక్షవాతమే, హిమోగ్లోబిన్ మామూలు కంటే ఎక్కువగా 19 ఉంది. ఎముక మజ్జ అవసరానికి మించి రక్తకణాలు తయారు చేసే జబ్బు అది. రక్తం చిక్కబడి గడ్డ కట్టింది. జాక్-2 అనే జన్యువులో మార్పు చూసి తేల్చారు. ఆయనకి అప్పుడప్పుడూ రక్తం తీసేస్తారు. మా ముగ్గురికీ ఎమ్మారైలో కనిపించేది ఒకేలాంటి మచ్చే. రక్తంలో ఉన్న జబ్బు వేరు, మందు వేరు. ఒకరి మందు ఇంకొకరికి సరిపోదు. ఎందుకొచ్చింది అని ఎందుకు అడగాలో నాకు అక్కడే బాగా అర్థమైంది.

మాట తిరిగి రావడానికి నెలలు పట్టింది. మొదట పేర్లు, తర్వాత క్రియలు, చివర్లో అంకెలు వచ్చాయి. లెక్కల టీచర్ని, పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోతుంటే ఏడుపొచ్చేది. స్పీచ్ థెరపీ చేసిన అమ్మాయి ఓపికకి దణ్ణం పెట్టాలి. ఇంట్లో వాళ్ళు నాటుమందులన్నారు, ఒక పెద్దమ్మ పావురం రక్తం రాస్తే చెయ్యి వస్తుందంది. అత్తమ్మ వాళ్ళందర్నీ గుమ్మం దగ్గరే ఆపేసి, ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పినవి పొద్దున, సాయంత్రం నాతో చేయించారు. ఇప్పుడు బోర్డు మీద రాస్తున్నాను. అక్షరం కాస్త వంకరపోయింది, పిల్లలు అర్థం చేసుకుంటారు.

రక్తం పలచబడడానికి నేను వేసుకునే మందు ఎసిట్రోమ్. దీంతో బతకడం ఒక పద్ధతి నేర్చుకోవడం. రోజూ సాయంత్రం ఒకే వేళకి వేసుకోవాలి. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ అనే పరీక్ష చేయించుకుంటూ ఉండాలి, నాకు అది 2కీ 3కీ మధ్య ఉండాలన్నారు. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. మొదట్లో ఒకసారి 1.4, ఇంకోసారి 4 దాటింది. కారణం వెతికితే తిండి దగ్గర దొరికింది. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది ఈ మందుకి ఎదురు పనిచేస్తుంది. ఒక వారం గోంగూర, మునగాకు, పాలకూర రోజూ తిని, ఇంకో వారం అసలు ముట్టకపోతే మందు మోతాదు కుదరదు. ఆకుకూరలు మానేయమని చాలామంది చెప్తారు, మానక్కర్లేదు. వారానికి ఎంత తింటామో ప్రతివారం దాదాపు అంతే తింటే చాలు, డాక్టరు దానికి తగ్గట్టు మోతాదు చూస్తారు. ఒంటినొప్పులకి మందుల షాపులో ఇచ్చే మాత్రలు, పిరుదుకి వేసే నొప్పి ఇంజెక్షన్లు నాకు పనికిరావు. పన్ను తీయించుకోవాలన్నా ముందు చెప్పాలి. తలకి దెబ్బ తగిలితే, మలం నల్లగా వస్తే ఆలస్యం చేయకూడదు. ఈ విషయాలన్నీ ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకున్నాను, మా స్టాఫ్ రూమ్‌లో ఇద్దరికి చెప్పాను.

రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలున్నాయట కదా, అవి ఎందుకు వేసుకోవు అని చాలామంది అడుగుతారు. నేను కూడా అడిగాను. 2018లో ఇటలీలో నాలాంటి మూడు పాజిటివ్‌లూ ఉన్నవాళ్ళ మీద రివరోక్సబాన్ అనే కొత్త మాత్రని, ఎసిట్రోమ్ కోవకే చెందిన వార్ఫరిన్ అనే పాత మందుతో పోల్చి చూశారట. కొత్త మాత్ర వేసుకున్నవాళ్ళకే పక్షవాతాలు, గుండెపోట్లు ఎక్కువ రావడంతో ఆ పరిశోధన మధ్యలోనే ఆపేశారు. కాబట్టి నాలాంటివాళ్ళకి పాత మందే. ఎవరో చెప్పారని, పరీక్షల బాధ ఉండదని ఎవరూ సొంతంగా మార్చుకోవద్దని బతిమాలి చెప్తున్నాను.

ఇప్పుడు మేం మళ్ళీ బిడ్డ గురించి ఆలోచిస్తున్నాం. ఎసిట్రోమ్ కడుపులో బిడ్డకి మంచిది కాదు, ముఖ్యంగా ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా. అందుకని ప్లాన్ చేసుకుని, కడుపుతో ఉన్నట్టు తెలిసిన వెంటనే అది ఆపేసి, పొట్ట మీద వేసుకునే హెపారిన్ ఇంజెక్షన్లకు మారాలి. దాంతోపాటు తక్కువ డోసు ఆస్పిరిన్. బిడ్డ పుట్టాక కూడా వెంటనే ఆపకూడదు. ఈ వైద్యంతో ఏపీఎస్ ఉన్న ఆడవాళ్ళు చాలామంది పిల్లల్ని కన్నారు. బీపీ పెరగడం, బిడ్డ సరిగా ఎదక్కపోవడం లాంటి ప్రమాదాలు ఉన్నాయి, అవి దాచలేదు డాక్టర్లు. పక్షవాతం వచ్చిన దాన్ని కాబట్టి నా ప్రమాదం మామూలు కంటే ఎక్కువే.

ఒంటి యాంటీబాడీలు సొంత ఒంటి మీదకే వెళ్ళే ఇలాంటి జబ్బులు చూసే రుమటాలజిస్ట్ సరే అన్నారు. న్యూరాలజిస్ట్ ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు. గైనకాలజిస్ట్ వాళ్ళిద్దరూ ఏమంటే అదే అన్నారు. ఎవరికి వాళ్ళు వేరే చీటీ మీద రాసిస్తే ఒప్పుకోనని, ముగ్గురూ కలిసి మాట్లాడుకుని ఒక మాట చెప్పాలని నేనే పట్టుబట్టాను. వచ్చే వారం కూర్చుంటామన్నారు. ఆనాటి వీడీఆర్ఎల్ కాగితం దగ్గర్నుంచి మొన్నటి ఐఎన్ఆర్ దాకా అన్నీ తేదీల వారీగా పెట్టి, ముగ్గురికీ మూడు సెట్లు జిరాక్స్ తీయించాను.